పేరు లేని మొదటి గొట్టం

మొన్న సిద్దిపేటలో మా ల్యాబులో పాత ఫ్రీజరు మూలపడింది. సామాను కొత్తదానిలోకి మారుస్తున్న అమ్మాయి, అడుగు అరలో పేరుకుపోయిన మంచును గీకి మూడు రక్తపు గొట్టాలు తీసి నా బల్ల మీద పెట్టి, వీటి మీద నంబర్లే ఉన్నాయి, పేర్లు లేవు, పారేయమంటారా అని అడిగింది. పేరుండాల్సిన చోట నీలం సిరాతో చిన్న అడ్డగీత. పట్టుకోగానే నా చేతులు చల్లబడ్డాయి. ఫ్రీజరులోంచి తీసినవాటిని పట్టుకుంటే ఎవరి చేతులైనా చల్లబడతాయి కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు.

జ్ఞాపకాలు రాసుకునేంత ముసలివాడివి కాలేదని మా ఆవిడ అంటుంది. సగం జుట్టు ఊడింది కనుక సగమైనా రాయొచ్చని నేనంటాను. నాతోపాటు చదువు ముగించి, సెకండ్ హ్యాండు మోటారు సైకిళ్ల మీద ఊళ్లు తిరిగినవాళ్లకు ఈ సంగతి సులువుగానే అర్థమవుతుంది.

చదువు ముగిసిన ఆ రోజుల్లో నేను రక్తపు క్యాన్సర్ల పరిశోధనలో కొత్తగా చేరాను. నిజానికి మేం వెతికేది క్యాన్సరును కాదు, దానికంటే ముందు వచ్చి కూర్చునేదాన్ని. మనిషి దుక్కలా ఉంటాడు, పొలం దున్నుతాడు, తాటిచెట్టు ఎక్కుతాడు. అతని రక్తాన్ని ఒక పట్టీ మీద పరిచి కరెంటు పెడితే మాత్రం, పొగలా పరుచుకున్న మరకలో ఒక్కచోట సన్నని నల్లగీత కనిపిస్తుంది. చాలామందికి అది చచ్చేదాకా అట్లాగే నిద్రపోతుంది. కొందరికి ఎప్పుడో ఒకనాడు మేలుకుని ఎముకలను లోపలినుంచి తినేస్తుంది. ఎవరికి మేలుకుంటుందో మాకూ తెలియదు. తెలియదని చెప్పడానికి మొహం చెల్లక నేనొక హాస్యం కనిపెట్టాను: నీ ఒంట్లో ఒక కిరాయిదారు దిగాడు, ఖాళీ చేయడు, గొడవా చేయడు, ఏటా ఒకసారి తలుపు కొట్టి చూసిపోదాం. జనం నవ్వేవారు. నేను మంచి డాక్టరునని నాకు నమ్మకం కుదిరింది.

రక్తం తీసుకుపోయి అమ్ముకుంటారని ఊళ్లల్లో భయం ఉండేది. అందుకని ఎక్కడికి పోయినా ముందు డాక్టరు చెయ్యి చాపాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు. నేను చొక్కా చెయ్యి మడిచి, సూది దిగగానే కళ్లు తేలేసి బల్ల మీద పడిపోయి, పిల్లలు కెవ్వుమన్నాక లేచి కూర్చునేవాణ్ణి. రక్తం తీసే ల్యాబన్న మాత్రం ఈ నాటకం పట్టించుకోకుండా, తీసిన రక్తంలో చుక్క పారబోయం, అంతా పరీక్షకే పోతుందని ఊరి ముందు ఒట్టు పెట్టేవాడు. ఇచ్చినవాళ్లకు నంబరు చీటీ ఇచ్చేది అతను, రిజిస్టరులో పేరు రాసేది నేను. పేరు చెప్పడానికి జంకినవాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు ఉండేవారు. సాయంత్రం రిజిస్టరులోనూ గొట్టాల మీదా పేరు లేక ఖాళీగా మిగిలిన గడుల్లో అడ్డగీత పెట్టి మూసేసేవాణ్ణి.

మిరుదొడ్డి పట్టీల్లో ఒక పేరులేని నంబరుకు గీత కనిపించింది. వారానికి కొండపాకలో ఇంకో పేరులేని నంబరుకు. ఆ తర్వాత నారాయణరావుపేటలో. ఏదో తోచి మూడింటినీ కిటికీ వెలుతురుకు ఎత్తి ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. మూడు గీతలూ కలిసి ఒక్కటైపోయాయి. ఇద్దరు మనుషుల్లో అది ఇంత అచ్చంగా ఒకే చోట, ఒకే మందాన పడటం నేనెన్నడూ చూడలేదు. ల్యాబన్న కుర్చీ వెనక్కి జరిపాడు.

"సార్, ఎవడో మన బండి ఎనకాలనే తిరుగుతుండు."

దయ్యమైతే రక్తం ఇంత బాగుండదన్నా అన్నాను. అన్నాను గానీ, ఆనాటినుంచి బండి అద్దంలో వెనక రోడ్డును అవసరానికి మించి చూసేవాణ్ణి.

ఫలితాలు చెప్పడానికి నారాయణరావుపేట పోయినప్పుడు ఆ మనిషిని పట్టుకుందామని ఇల్లిల్లూ తిరిగాం. చీటీలన్నీ సరిపోయాయి. పేరు చెప్పనివాళ్లు సైతం చీటీలు చూపించారు. ఆ ఒక్క నంబరు చీటీ మాత్రం ఎవరి దగ్గరా లేదు. పట్టపగలు, ఎండలో, ఊళ్లో లేని మనిషి రక్తం మా పెట్టెలో ఉంది.

చివరగా ఒక గౌడుల అవ్వ ఇంటి ముందు కూర్చున్నాం. అంతకు కాసేపటి ముందే ఆమె పెనిమిటికి గీత సంగతి చెప్పి కిరాయిదారు హాస్యం వదిలాను. ఆయన నవ్వాడు, ఆమె నవ్వలేదు. వెతుకుతున్న నంబరు చెప్పగానే ఆమె కొంగుముడి విప్పి తన చీటీ తీసింది. సరిగ్గా దాని తర్వాతి నంబరు.

"నా కంటె ముందుగల్ల చెయ్యి చాపిందెవలు బిడ్డా?"

"గదే అడుగుతున్న అవ్వా. ఎవలు?"

ఆమె నా మోచేతి మడత వైపు వేలు చూపించింది. "నువ్వే గద. సచ్చినట్టు పడితివి, పోరగాండ్లు జడుసుకున్రు."

నేను ల్యాబన్న వైపు తిరిగాను. అతని మొహంలో రక్తం లేదు. "చుక్క పారబోయనని ఒట్టు పెట్టిన గద సార్. మీదైతే పారబోయొచ్చా? మీ చీటీ మీకేం పనని చింపేసిన."

ప్రతి ఊళ్లో మొదటి గొట్టం నాదే. ఆ సమయంలో రాయాల్సిన నా కుడిచెయ్యి సూది కింద ఉండేది, గడి ఖాళీగా మిగిలేది. సాయంత్రానికి దాన్ని అడ్డగీతతో మూసింది కూడా ఆ చెయ్యే. దూరంగా తాటిచెట్టు మీద ఎవరో గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"నీ ఇంట్ల గూడ దిగిండా, కిరాయిదారు?" అంది అవ్వ.

నవ్వబోయాను, రాలేదు. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. "గొడవ జెయ్యడంటివి గద. తాగు."

ఆ హాస్యం అక్కడితో మానేశాను. ఏటా నా రక్తం పరీక్షకు పోతూనే ఉంది, అడ్డగీత పేరుతోనే. మా ఆవిడకు సైతం చెప్పలేదు. అవ్వ పెనిమిటి గీత ఇప్పటికీ మేలుకోలేదు, రోజూ తాటివనంలోనే కూర్చుంటాడు. ఏ గీతా లేని అవ్వే ముందు పోయింది. ఇప్పుడు ఊళ్లకు పోతే ఎవరూ ముందు నువ్వు ఇయ్యి అనరు. ఫోను చూసుకుంటూనే చెయ్యి చాపుతారు, ఫలితం కూడా ఆ ఫోనుకే పోతుంది. భయం పోయింది, మంచిదే. భయపడేటప్పుడు మాత్రం వాళ్లు నా మొహంలోకి చూసేవాళ్లు.

ఈ ఏటి పట్టీలో నా గీత కొంచెం మందంగా కనిపించింది. అడ్డగీత పేరుతో ఉన్న ఆ పట్టీ ఎవరిదో తెలియక ఈ అమ్మాయే, మెషీను మారింది కదా సార్ అంది. నేనూ ఎందరికో ఇట్లాగే చెప్పాను. ఇప్పుడు గొట్టాలు పారేయొద్దని చెప్పి, పెన్ను తీసుకుని మూడు గొట్టాల మీదా అడ్డగీత పక్కన నా పేరు రాసి ఆమె చేతికిచ్చాను. పేరు చదివింది. నవ్విద్దామని ఏదో అనబోయేలోపే, లేచి పోయి నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.