పందుల ఆసామి

నాగర్‌కర్నూల్‌లో నేను పాఠాలు చెప్పే కళాశాలలో, సెలవులు ముగిసిన మొదటి రోజు సహోద్యోగులు తాము కుటుంబంతో వెళ్లి వచ్చిన చోట్ల గురించి చెప్పుకుంటారు. ఆ మాటల్లో అమ్రాబాద్ అడవి తప్పకుండా వస్తుంది. జీపులో తిరిగామనీ, దుప్పుల గుంపు కనిపించిందనీ, పులి కనిపించలేదు గాని దాని అడుగుజాడలు కనిపించాయనీ ఫోన్లలో ఫొటోలు చూపిస్తారు. "ఇంత దగ్గర ఉండి మీరింకా వెళ్లలేదా మేడం?" అని ఒకరు అడిగినప్పుడు నేను తీరిక లేదన్నాను. నిజానికి మా ఇంట్లో అందరమూ కలిసి ఊరు దాటింది రెండు కారణాలకే. ఒంట్లో బాగాలేక వనపర్తి దవాఖానకు పోవడం ఒకటి, పని కోసం మూటలు మోసుకుని రైలెక్కడం రెండవది. ఊరికే చూసి రావడానికని మేమెక్కడికీ పోలేదు. మా ఇంటి నుండి మొదట డిగ్రీ పట్టా పుచ్చుకున్నదాన్ని నేను. ఉద్యోగం స్థిరపడ్డాక ఆ లోటు తీర్చవలసిన బాధ్యత నాదేననుకున్నాను.

జనవరిలో వరుసగా రెండు రోజులు సెలవు వచ్చింది. హైదరాబాదులో కిరాయి కారు నడిపే తమ్ముడిని కారుతో రమ్మని, నేను ముందురోజు సాయంత్రమే ఊరు చేరాను.

మా ఊరు గోపాల్‌పేటకు దగ్గర. ఊరి పక్క గుట్టల కింద ఎర్ర చెల్క నేలను కౌలుకు పట్టి అమ్మానాయన యాసంగిలో వేరుశనగ వేస్తారు. ఆ ఏడు కాయ ఊరే సమయానికి అడవి పందులు పడ్డాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టారు. మంగలి దుకాణం నుండి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లారు. చివరకు బ్యాటరీతో నడిచే చిన్న మైకు కొని, అందులో అమ్మ తిట్లు రికార్డు చేసి పెట్టారు. అవే తిట్లు తెల్లవార్లూ తిరిగి తిరిగి వినిపిస్తాయి. కొన్నాళ్లు పందులు బెదిరాయి, తరువాత ఆ తిట్లు వింటూనే మేశాయి.

"నీ తిట్లకు నేనే అలవాటు పడ్డ. పందులు పడయా?" అని నాయన అమ్మను ఏడిపించేవాడు.

నవ్వుకున్నా, ఇద్దరికీ లోపల ఒకటే దిగులు. మిగిలిన పంటయినా చేతికి వస్తే ఉగాదికి కౌలు మళ్లీ ఒప్పుకోవాలి, రాకపోతే చేను విడిచిపెట్టాలి. విడవడానికి అమ్మ మనసు ఒప్పుకోవడం లేదు. ఒకప్పుడు ఆ చెల్క నిండా రాళ్లే. వాటిని తట్టలతో ఎత్తి గట్టున పోసింది ఆమె.

అడవికి పోదామని నేను చెప్పగానే నాయన తల అడ్డంగా ఊపాడు. "అందరం పోతే చేను కాడ ఎవరుంటరు? మీరు పోయి పులిని జూసి రాండ్రి. నేను పందులను జూసుకుంట."

అమ్మ రానంటుందనే అనుకున్నాను. ఆమె ఒకటే ప్రశ్న అడిగింది.

"ఆడ సార్లుంటరా?"

"ఉంటరమ్మా. టికెట్లిచ్చేటోళ్లు, కాపలోళ్లు అందరుంటరు. భయమేం లేదు."

"అయితే వస్త."

పులి భయంతో అడిగిందని నేను అర్థం చేసుకున్నాను.

తెల్లవారి బయలుదేరాము. అమ్మ వెనుక సీట్లో, ఒడిలో సంచి పెట్టుకుని కూర్చుంది. అచ్చంపేట దాటుతుండగా తమ్ముడు ముక్కు ఎగబీల్చాడు.

"అమ్మా, రొట్టెలల్ల మన్ను వాసన వస్తుంది. ఏం గట్టినవే?"

"రొట్టెలు వేరే ఉన్నయి. ఇవి సూపియ్యనీకె తెచ్చిన."

సంచి మూతి తెరిచి చూశాను. రొట్టెల మూట కింద, తడి మట్టి అంటిన వేరుశనగ చెట్లున్నాయి. వేళ్లతో సహా పెల్లగించినవి, సగం కాయలు కొరికి ఉమ్మినవి.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఒకరి గొడ్డు మరొకరి చేనులో పడి మేస్తే, నష్టపోయినవారు అరవరు, కొట్లాడరు. కొరికిన పైరు పిడికెడు పీకి, గొడ్డు ఆసామి ఇంటికి తీసుకుపోయి గడప ముందు పెడతారు. అది చూసిన ఆసామి మరుమాట లేకుండా లేచి వచ్చి చేను చూడాలి, గొడ్డును కట్టేసుకోవాలి. పైరు చూసి కూడా రాని ఆసామికి ఊళ్లో విలువ ఉండదు. అమ్మ ఆ పద్ధతి ప్రకారమే బయలుదేరింది.

తమ్ముడు విరగబడి నవ్వాడు. "అమ్మా, అది పటేల్ దొడ్డి గాదే. సర్కారు అడివి."

"సర్కారుకు దొడ్డి ఉండదారా? ఇడిసిపెట్టినోళ్లు కట్టేసుకోవద్దా?"

నేను ఆమెకు నచ్చజెప్పవలసింది. మన గుట్టల్లోని పందులకూ ఈ అడవికీ సంబంధం లేదని చెప్పడానికి వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె ముఖం చూశాక సంచి మూతి మళ్లీ ముడివేసి ఆమె ఒడిలో పెట్టాను.

అడవి ప్రవేశం దగ్గర పెద్ద బోర్డు ఉంది. ఏం రాశారో చదవమంది. వన్యప్రాణులు మన జాతి సంపద అనీ, వాటిని కాపాడడం అందరి బాధ్యత అనీ చదివి వినిపించాను. అమ్మ తల ఊపింది. సరైన ఇంటికే వచ్చామన్నట్టుగా కొంగు సవరించుకుని టికెట్ల కిటికీ వైపు నడిచింది.

కిటికీ లోపల పాతికేళ్ల యువకుడు. మా వెనుక హైదరాబాదు నుండి వచ్చిన ఒక కుటుంబం, భార్యాభర్తలు, వారి చిన్న పాప. అమ్మ కిటికీ పలక మీద వేరుశనగ చెట్లు పెట్టి, ఒక్క అడుగు వెనక్కు వేసి నిలబడింది. పద్ధతి ప్రకారం ఇక మాట్లాడవలసింది ఎదుటివారే.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"మీ పందులు మేసినయి సారు. ఒక్కసారి వచ్చి జూడాలె."

అతడు చెడ్డవాడు కాడు. చెట్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా పందులా? ఏ ఊరు మీది?" అన్నాడు. చెప్పింది.

"అవి మీ గుట్టల పందులు పెద్దమ్మా. ఈ అడివి పందులు గాదు."

"పందులకు ఊరుంటదా నాయినా? గా బోర్డు మీద అన్నీ మీయే అని రాసిండ్రంట గద."

"మావి గాదు, అందరియి అని రాసిండ్రు. నా కాడ జీపు టికెట్లే ఉంటయి. మీ ఊరు చూసే ఫారెస్టు సారుకు చెప్పుకోండ్రి."

"ఆయనకు చెప్పినం. పెద్దసార్లకు చెప్పుమన్నడు. అందుకే వచ్చిన."

వెనుకనున్న పట్నం ఆమె కుతూహలంగా ముందుకు వంగింది. "ఆ వేర్లు దేనికి వాడతారండీ? కీళ్ల నొప్పులకా?"

తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. "ఏమనుకోకండి మేడం. మా అమ్మ పల్లెటూరామె, తెల్వదు," అని గబగబా టికెట్ల డబ్బులు కిటికీలో పెట్టాడు. అమ్మ వాడి వైపు చూడలేదు, విన్నదని మాత్రం నాకు తెలిసింది. చెట్లను లోపలికి తీసుకుపోకూడదని యువకుడు చెత్తడబ్బా చూపించాడు. అమ్మ వాటిని డబ్బాలో వేయలేదు. గేటు స్తంభం మొదట్లో, ఒక ఇంటికి గడప ఎక్కడ ఉంటుందో అక్కడ, వేళ్లు లోపలి వైపు ఉండేలా పెట్టి వచ్చి జీపెక్కింది.

పట్నం కుటుంబం కూడా మా జీపులోనే ఎక్కింది. ఎర్రమట్టి బాట మీద కొంతదూరం పోయాక డ్రైవరు బండి ఆపి చేయి చూపించాడు. చెట్ల నడుమ దుప్పులు. పాప ఊపిరి బిగబట్టి తల్లి చేయి పట్టుకుంది. అంత అందమైన జంతువులను అంత దగ్గరగా నేనూ మునుపు చూడలేదు. తమ్ముడు ఫోను ఎత్తాడు. అమ్మ దుప్పులను చూడలేదు. వాటి పక్కన నేలలో కట్టిన సిమెంటు తొట్టిని చూస్తోంది.

"గది ఏంది కొడుకా?" అని డ్రైవరును అడిగింది.

"నీళ్ల తొట్టమ్మా. ఎండకాలం వాగులెండితే ట్యాంకరుతోని నీళ్లు పోస్తరు. జంతువులొచ్చి తాగుతయి."

అమ్మ నా వైపు తిరిగింది. గొంతు పెరిగింది. "ఇన్నవా బిడ్డా? నీళ్లు పోసేటోళ్లున్నరు. నీళ్లు పోసేటోళ్లుంటే ఆసామి లేడంటడేంది ఆ పిల్లగాడు?"

దుప్పులు చెవులు నిక్కించి ఒక్క ఉదుటున పొదల్లోకి మాయమయ్యాయి. పాప ఏడుపు ముఖం పెట్టింది. "కొంచెం మెల్లగా మాట్లాడండమ్మా. ఇంత దూరం వచ్చింది వీటి కోసమే కదా," అన్నాడు పట్నం ఆయన, మర్యాదగానే.

"అమ్మా, నీ పంచాయితీ ఇంటికాడ పెట్టుకో," అన్నాడు తమ్ముడు, పళ్ల బిగువున.

కొండ అంచున లోయ కనిపించే చోట అందరూ దిగి ఫొటోలు తీసుకున్నారు. ఆమెను కూడా నడుమ నిలబెట్టి తీశారు. ఆ ఫొటో నా దగ్గరుంది. నేనూ తమ్ముడూ నవ్వుతున్నాము. అమ్మ చేతులు కట్టుకుని, ఎవరో పిలుస్తారని వరుసలో ఎదురుచూసే మనిషిలా ఉంది.

తిరిగి వచ్చేసరికి గేటు స్తంభం దగ్గర ఒక కోతి కూర్చుని, వేరుశనగ చెట్లకు మిగిలిన కాయలను ఒక్కొక్కటే తెంపి ఒలుచుకుని తింటోంది. పాప ఏడుపు మరిచి చప్పట్లు కొట్టింది. వాళ్ల నాన్న వీడియో తీశాడు.

"అమ్మా, ఆసామి వచ్చిండు సూడు," అన్నాడు తమ్ముడు.

నవ్వించాలనే అన్నాడు. ఎవరమూ నవ్వలేదు. దారిలో ఆపి రొట్టెలు తిందామంటే అమ్మ ఆకలి లేదంది.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాము. కారు చప్పుడు విని నాయన చేను నుండి గబగబా వచ్చాడు. పులి కనిపించిందా అని అడుగుతాడనుకున్నాను.

"ఏమన్నరు?" అని అమ్మను అడిగాడు.

సంచిలో ఏముందో ఆయనకు ముందే తెలుసు. తాను మాటలాడలేనని ఆమెను పంపాడు. చదువుకున్న బిడ్డ వెంట ఉంటుంది గనుక పని అవుతుందని, ఆ ధైర్యంతో పంపాడు. అది నాకు అప్పుడు అర్థమయింది.

"అందరు మంచిగనే మాట్లాడిండ్రు," అంది అమ్మ. "వాళ్లయి గాదంట."

నాయన బ్యాటరీ లైటు తీసుకుని మళ్లీ చేనుకు పోయాడు. ఆ పంటలో విత్తనానికి సరిపడా కూడా మిగలలేదు. ఉగాది ముందు చెల్క యజమాని కౌలు మాట్లాడడానికి ఇంటికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఏందమ్మా, పందులకు భయపడి చేనిడుస్తరా?" అన్నాడాయన, వేళాకోళంగా.

"పందులకు భయమెందుకు పటేలా. చెప్పుకుంటే ఇనేటోడు లేడు, గంతే," అని అమ్మ లోపలికి పోయి ఆయనకు చాయ తెచ్చింది.

కళాశాలలో మళ్లీ సెలవులు వచ్చాయి. ఈసారి అందరి కుటుంబాలూ కలిసి అడవికి పోదామని, రాత్రి అక్కడి కుటీరాల్లో ఉందామని అన్నారు. నేను రానన్నాను, కారణం చెప్పలేదు. చెప్పి ఉంటే వారు మంచిగానే మాట్లాడేవారు.

అమ్మ ఇప్పుడు అదే గుట్టల కింద వేరొకరి చేనుకు కూలికి పోతోంది. అక్కడా పందులు పడుతున్నాయి. అందరికన్నా ముందు పోయే మనిషి గనుక, తవ్విన సాళ్లు మొదట ఆమె కంటనే పడతాయి. ఆమె వాటిని దాటి పోయి, తన వరుస పట్టుకుని కలుపు తీయడం మొదలుపెడుతుంది.