దారిలో ఆగని నల్ల కార్లు

ఖరీదైన కారు తలుపు మూసినప్పుడు వచ్చే ఆ బరువైన చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం. మొన్న బెంగళూరులో మా తమ్ముడి కొడుకు కారు కొంటానంటే తోడు వెళ్లాను. అద్దాల గదిలో, కొత్త తోలు వాసన మధ్య, టై కట్టుకున్న కుర్రాడొకడు తమ కంపెనీ కార్లే మిగతావాటికంటే ఎందుకు ఎక్కువ అమ్ముడవుతున్నాయో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఇంజనట, పేరట, సీటు లోపలి మెత్తదనమట. నేను మర్యాదగా తలూపుతూ కూర్చున్నాను. మనసు మాత్రం బళ్లారి స్టేషను రోడ్డులోని ఒక రేకుల షెడ్డుకు వెళ్లిపోయింది. ఆ కుర్రాడు చెప్పనిది నాకు నేర్పిన పంపాపతి ఉండేది అక్కడే.

అవి యాభైల నడిమి సంవత్సరాలు. తుంగభద్ర కాలువలకు నీళ్లు వచ్చాయి, గనులకు గిరాకీ పెరిగింది, పత్తి వ్యాపారం జోరుగా సాగుతోంది. బళ్లారి చుట్టుపక్కల కొందరి చేతుల్లో డబ్బు ఆడేది. పంపాపతికి మద్రాసులో బిగించే ఇంగ్లీషు కార్ల ఏజెన్సీ ఉండేది. అనంతపురంలో చదువు ముగించి నేను ఆయన దగ్గర సేల్స్‌మన్‌గా చేరాను. మనిషి పొట్టి, మాట తక్కువ, కోపం ఎక్కువ. రోడ్డుకు అవతల, ఎదురు షాపులో అమెరికా కార్లు అమ్మేవారు. అవి మావాటికంటే పొడుగు, బలం, మెరుపు. నిజం చెప్పాలంటే నా దగ్గర డబ్బుంటే నేను వాటినే కొనేవాణ్ణి. అయినా మావే ఎక్కువ అమ్ముడయ్యేవి. దొరలు వాడిన కంపెనీ అని వకీళ్లు, హారన్ గంభీరంగా ఉందని సావుకార్లు, తలపాగా తీయకుండా కూర్చోవచ్చని రైతులు చెప్పేవారు. నేను అన్నీ నమ్మాను. వచ్చిన ప్రతివాడికీ అన్నీ అప్పజెప్పాను.

నాకు అంతుపట్టని సంగతి ఒకటి ఉండేది. ఎవరు ఏ రంగు అడిగినా పంపాపతి నలుపే అంటగట్టేవాడు. ఒక పత్తి సావుకారు భార్య లేత నీలం కావాలని పట్టుబట్టింది.

"నలుపులో ఉండే పెద్దరికం దేంట్లోనూ లేదక్కా. నీలం బండి చూస్తే ఊర్లోకి నాటకాల కంపెనీ వచ్చిందనుకుంటారు" అన్నాడు పంపాపతి. ఆమె నవ్వి, నలుపుకే ఒప్పుకుంది. ఇంకో వింత ఏమిటంటే, షెడ్డులో ఒక నల్ల కారు ఎప్పుడూ తుడిచి, పెట్రోలు పోసి సిద్ధంగా ఉండేది. దాన్ని మాత్రం అమ్మనిచ్చేవాడు కాదు.

ఆ సావుకారు కారు రూపనగుడి దారిలో ఆగిపోయిన రోజున నాకు విషయం అర్థమైంది. బస్సు డ్రైవరొకడు కబురు తెచ్చాడు. పంపాపతి మెకానిక్కునూ నన్నూ ఆ నల్ల కారులో ఎక్కించుకుని బయలుదేరాడు. మేం వెళ్లేసరికి పొలాల్లో పని వదిలేసి మరీ వచ్చిన జనం కారు చుట్టూ నిలబడి ఉన్నారు. లోపల సావుకారు అద్దాలు ఎక్కించుకుని, ఎండలో ఉడికిపోతూ, ఎవరినీ చూడకుండా కూర్చున్నాడు. పంపాపతి ఆయన్ను మా కారులోకి మార్చి ఇంటికి పంపేశాడు. ఆగిన కారు మీద టార్పాలిన్ కప్పించి, జనం చెదిరేదాకా గట్టు మీద కూర్చున్నాడు. సావుకారు తన వీధిలో నల్ల కారులోంచే దిగాడు. అది తనది కాదని అక్కడ ఎవరికీ తెలియలేదు.

బాగుచేసిన కారులో తిరిగొస్తూ అడిగాను. "రిపేరు చేసిస్తే చాలదా అన్నా? ఇంత తంటా ఎందుకు?"

"ఎద్దులబండి ఆగిపోతే నలుగురొచ్చి చెయ్యేస్తారప్పా. ఇంత పెద్ద కారు ఆగిపోతే నలుగురొచ్చి చూస్తా నిలబడతారు. ఆ చూపు ఉండాదే, దాన్ని మనిషి మర్చిపోడు. ఇంగ జన్మలో ఆ కంపెనీ బండి కొనడు" అన్నాడు.

కొన్నాళ్లకు ఎదురు షాపుకు అమెరికా కార్లు రావడం నిలిచిపోయింది. ఆ యజమాని మా ఏజెన్సీ కోసం మద్రాసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి వచ్చిన అధికారి పంపాపతితో ఒకటే మాట అన్నాడు. తాను మళ్లీ వచ్చేసరికి షెడ్డులో అమ్ముడుపోని బండి ఉంటే ఏజెన్సీ ఎదురు షాపుకు వెళ్తుంది. మిగతావన్నీ అమ్మేశాం. మిగిలింది ఆ నల్ల కారే. ఏజెన్సీ పోతే నా ఉద్యోగమూ పోతుంది కాబట్టి దాన్నీ అమ్మేద్దామని నేను ఆయన వెంటపడ్డాను. చివరికి ఆయన మెత్తబడ్డాడు. కొంచెం తిరిగిన బండి అని చెప్పినా, కూరెకుప్ప వైపు నుంచి వచ్చిన గనుల కాంట్రాక్టరొకాయన తీసుకుంటానన్నాడు.

అధికారి రావలసిన ముందురోజు పొద్దున కాంట్రాక్టరు ఇంటిల్లిపాదితో వచ్చాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. పూజారి టెంకాయ చేతికి తీసుకున్నాడు. అప్పుడే ఖాసిం పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతను వెంకట్రామయ్యగారి డ్రైవరు. వెంకట్రామయ్యగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, బళ్లారి జిల్లాలోని ఎమ్మిగనూరులో కాలువ కింద వరి పండిస్తున్న పెద్ద రైతు. కారు మా దగ్గరే కొన్నారు. ఆ రోజు ఆయన కూతురి పెళ్లి. రైలు దిగే పెళ్లికొడుకును తీసుకురావడానికి కారుకు పూలు కట్టి ఖాసింను పంపారు.

"బండి రైలు గేటు కాడ నిలబడిపాయ అన్నా. ఎంత తిప్పినా స్టార్టు కాల్యా. ఊరి బయట మేళం పెట్టుకోని అందరూ కాసుకోనుండారు. అయ్య నన్ను పనిలో ఉంచుకుంటాడా?" అన్నాడు ఖాసిం.

పంపాపతి కాంట్రాక్టరు వైపు తిరిగాడు. "సాయంత్రం దాకా ఆగప్పా. బండి నేనే మీ ఇంటికాడికి తెచ్చిస్తా."

"ముహూర్తం ఆగుతాదా?" అన్నాడు కాంట్రాక్టరు. "ఇంగొకరి పెండ్లికి తిప్పి, ఆ పూలు దులిపి నాకిస్తావా? నన్ను ఏమనుకోనుండావు?"

నేను పంపాపతిని పక్కకు లాగాను. "రేపు మద్రాసాయన వస్తాడన్నా. ఖాసింకు టాక్సీ మాట్లాడి పంపుదాం."

"టాక్సీలోంచి పెండ్లికొడుకు దిగితే, కారు ఏమాయ అని అందరూ అడుగుతారు. వెంకట్రామయ్య ఆ ఊరికి కొత్త. వియ్యంకుడి ముందర, ఊరి ముందర తలెత్తుకోవాల" అన్నాడు. వంగి, నిమ్మకాయలు తీసి పక్కన పెట్టాడు.

రైలు గేటు దగ్గర పూలదండలూ అరటి పిలకలూ ఒక కారు నుంచి ఇంకో కారుకు మార్చాం. నంబరు పలకలను బంతిపూల కింద దాచేశాం. ఖాసిం ఊపిరి పీల్చుకుని స్టేషనుకు వెళ్లాడు. రాత్రికి వాళ్ల కారు బాగుచేసి, ఎవరికంటా పడకుండా మళ్లీ మార్చేశాం. కాంట్రాక్టరు మళ్లీ మా గడప తొక్కలేదు. మర్నాడు మద్రాసు అధికారి షెడ్డులో నిలబడి ఉన్న నల్ల కారును ఒకసారి చూసి, కూర్చోకుండానే వెళ్లిపోయాడు. ఏజెన్సీ రోడ్డు దాటింది. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఒక పరాయి రైతు పరువు కోసం మా పొట్ట కొట్టాడనుకున్నాను.

ఎదురు షాపులో నన్ను పెట్టించింది కూడా పంపాపతే. "ఆడ బండ్లుండాయి, నువ్వు పో. నాకు ఈ రిపేర్లు చాలు" అన్నాడు.

రెండు మూడేళ్ల తర్వాత వెంకట్రామయ్యగారు ఆ షాపుకు వచ్చారు. ఆయన తలచుకుంటే ఏ కారైనా కొనగలరు. మళ్లీ మా కంపెనీదే కావాలన్నారు. ఎందుకని అడిగాను.

"ఎందుకేమిటండీ? ఇన్నేళ్లలో ఒక్కసారైనా దారిలో ఆగిందా? మా అమ్మాయి పెళ్లికి పెళ్లికొడుకును ఎంత దర్జాగా తెచ్చిందనీ. అది చూసే మా వియ్యంకుడూ ఇదే కొన్నాడు. కంపెనీ అంటే ఇదండీ" అన్నారు. ఖాసిం ఆయన వెనక నేల చూపులు చూస్తున్నాడు. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. ఖాసిం ముఖం చూసి ఊరుకున్నాను.

సాయంత్రం షెడ్డుకు వెళ్లి, ఉన్న కసినంతా కలిపి పంపాపతికి ఆ మాటలు అప్పజెప్పాను. కోపంతో మండిపడతాడనుకున్నాను. ఆయన చేతిలోని స్పానరు కింద పెట్టి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. "ఒక్కసారీ ఆగలేదన్నాడా? మళ్లా చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు నేను కార్లు అమ్మాను. పంపాపతి పోయి కూడా ఎంతో కాలమైంది. నేను పడ్డ కష్టం ఇంకొకరి పేరు మీద చెల్లిపోయినప్పుడు ఈ వయసులో కూడా మొదట ఒళ్లు మండుతుంది. కాసేపటికి పంపాపతిలాగే నాకూ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని వినాలనిపిస్తుంది.