గౌనుకు అంటిన తవుడు

మొన్న పెద్దపల్లిలో రైస్ మిల్లు పక్కన ఆటో ఆగింది. తవుడు వాసన తగలగానే నా తల దానంతటదే వంగిపోయింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బాపు మా పొలంలోని కుంటలో వేలెడంత కూడా లేని చేపపిల్లలను పెంచేవాడు. పొద్దున ఓ దోసెడు, సాయంత్రం ఓ దోసెడు తవుడు చల్లడం అవ్వ పని; నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేదాన్ని. "గంతే ఎయ్యాలె. ఎక్కువైతె నీళ్లు ఖరాబైతయి" అనేవాడు బాపు. నాకది పిసినారితనంలా తోచేది. ఎక్కువ తింటే తొందరగా పెరుగుతాయని, ఎవరూ చూడకుండా రోజూ మధ్యాహ్నం నేనూ చల్లేదాన్ని. ఒకరోజు తెల్లవారేసరికి చేపపిల్లలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లు పాడై ఊపిరాడకని తెలియక, పాపం, ఆకలనుకుని బస్తాలో మిగిలిందంతా గుమ్మరించాను.

మధ్యాహ్నానికి కుంట నిండా తెల్లటి పొట్టలు తేలాయి.

"ఎంత పోసినవే? చెప్తె ఇనవా?" బాపు అవ్వ మీద అరిచాడు.

అవ్వ నా వైపు చూసింది. నా గౌనుకు అంటిన తవుడు మెల్లగా దులిపి, "జర ఎక్కువైనట్టుంది" అంది. నేను అవ్వ కొంగు వెనక దాక్కున్నాను.

ఇప్పటికీ అన్నం ఎక్కువ వండిన రోజు, "చేపలకు పోసినట్టు పోసినవ్" అని బాపు అవ్వను ఆటపట్టిస్తాడు. అవ్వ నవ్వుతుంది. నేను పళ్లెంలోంచి తల ఎత్తను.