ఎడమ మోకాలు, ఇంగ్లాండు రూటు

ఇరవై ఆరేండ్లు సిటీ బస్సు నడిపిన. నయాపూల్ మీద పొద్దుగాల పదింటికి బండికి గీత పడకుండ తీస్కపోయినోన్ని, నా ఇంటి మెట్ల మీద నీళ్ల క్యాను పట్టుకొని జారిపడ్డ. ఎడమ మోకాలి చిప్ప రెండు ముక్కలైంది. ఎడమ కాలంటె క్లచ్ కాలు. సిటీల డ్రైవరు బతుకంత క్లచ్ మీదనే ఉంటది.

ఆపరేషనైంది, పట్టీలు తీసిన్రు. మూడు నెల్లకు డాక్టర్లు కాలు పరీక్ష చేస్తరు, పాసైతె స్టీరింగు, లేకుంటె డిపో గేటుకాడ కుర్చీ అన్నరు. వచ్చే పోయే బస్సుల నంబర్లు రాసుకుంట కూసోవాలె. నౌకరి పోదు కద, జీతం పోదు కద అని అందరు సముదాయిస్తుండ్రు. నాకైతె గా కుర్చీ యాదికొస్తె అన్నం దిగకపోయేది. వేరేటోళ్లు నడిపె బండ్ల నంబర్లు నేను రాసుడా? థూ.

మోకాలు వంగాలంటె సైకిల్ తొక్కమన్నరు. దబీర్‌పురా గల్లీల గీ కాలుతోని సైకిలా? రెండో కాలు గూడ పోతది. నా బిడ్డ ఆఫీసుల ఎవరో అమ్ముతుంటె ఒక మిషను కొనుక్కొచ్చింది. దాని మీద సైకిల్ ఎక్కిస్తె చక్రం తిరుగుతది గని సైకిల్ కదలది. తీగ తెచ్చి టీవీకి కలిపింది. టీవీల ఇంగ్లాండు పల్లెటూర్ల రోడ్లు. మనం తొక్కినకొద్ది రోడ్డు ముందల్కి పోతది. గుట్ట ఎత్తు వచ్చిందంటె మిషను గట్టివడతది, దిగుడొస్తె అల్కగైతది.

మొదటి రోజు ఎక్కి పావుగంట తొక్కిన. "ఏందే ఇది, కర్ఫ్యూ పెట్టిన్రా?" అని అడిగిన నా బిడ్డను. రెండు దిక్కుల రాళ్ల గోడలు, గోడల ఎనక పచ్చటి దిబ్బలు, దిబ్బల మీద గొర్లు. ఆటో లేదు. అరటిపండ్ల బండి లేదు. ఆఖరికి ఒక ముసలాయన కుక్కను పట్టుకొని కనవడ్డడు. గాయన గోడకు ఆనుకొని నిలవడి, నాకు తొవ్వ ఇచ్చి, పైంగ చెయ్యి ఊపిండు. నా సర్వీసుల నాకెవ్వడు గట్ల తొవ్వ ఇయ్యలే. నాకు అనుమానమొచ్చింది.

అట్లాంటి రోడ్లు దాంట్ల మస్తు ఉన్నయట. "రోజుకొకటి మార్చుకో నాన్నా" అన్నది బిడ్డ. డ్రైవరన్నంక రూటు ఉంటది. ఇష్టమొచ్చిన దిక్కు పోవుడు యాత్రలోళ్ల పని. ఒక్కటే పట్టుకున్న. రోజు సాయంత్రం ఐదింటికి బయలుదేరుడు, ఆరింటికి చేరుడు. మూడో రోజుకు చెయ్యి ఊకోలేక హ్యాండిల్‌కు రబ్బరు హారను బిగించుకున్న. ప్రతి మలుపుకు కొట్టేది.

"గొర్లకు ఇనవడ్తదా గది?" అని వంటింట్లకెళ్లి నా పెండ్లాం ఒర్రింది.

"అలవాటే! నీకేం నొప్పి?" అన్న.

ఇంతల పక్కింటి ఖాలా పెరుగు తోడుకోసం ఒచ్చింది. డెబ్బై ఏండ్లుంటయ్, గల్లీల అందరికి పెద్దమ్మ లెక్క. నా ఎనక ప్లాస్టిక్ కుర్చీల కూసొని సూసింది, సూసింది. "యే బస్ కిదర్ జాతీ బేటా?" అన్నది. "ఇంగ్లాండు, ఖాలా" అన్న. "గా చర్చి కాడ ఇండ్లు మంచిగున్నయ్, జర ఆపుతవా?" అన్నది. బ్రేకేసిన. ఎవరన్న ఆపుమంటె కాలు దానంతటదే పోతది, నేనేం జెయ్యాలె? ఖాలా లేసి, గిన్నె పట్టుకొని, "సలామత్ రహో" అని దీవించి మెట్లు దిగి ఇంటికి పోయింది. తెల్లారి ఐదింటికి చేతిసంచి ఏస్కొని మల్ల ఒచ్చింది. తోడు అడగలే.

కింద పప్పుల దుకాణం సేటు లొల్లి వెట్టుకుందామని పైకొచ్చిండు. మిషను ఊపుకు సున్నం రాలి కందిపప్పు బస్తాల మీద పడ్తుందట. ఒచ్చినోడు టీవీ దిక్కు సూసి లొల్లి మరిసిండు. "అన్నా, ఇంత జాగ ఖాళీగ వెట్టిండ్రేంది? ఒక్క వెంచర్ లేదు, ఒక్క బోర్డు లేదు! గొర్లకిచ్చిండ్రా?" అనుకుంట ఖాలా పక్క కుర్చీల కూలవడ్డడు.

"సేటూ, అది లేడీస్ సీటు. లే" అన్న.

నోట్లకెళ్లి గట్లనే ఎల్లింది. మూడు దుకాణాలున్న మనిషి, కిమ్మనకుండ లేసి, గుమ్మంల నిలవడి పరదా కట్టె పట్టుకున్నడు. గంట సేపు గట్లనే ఫుట్‌బోర్డు మీద ఇంగ్లాండు పోయిండు. ఆ దినం సంది గది ఆయన జాగ. ఒక రోజు టీవీల వాన మొదలైతె, సేటు ఉరికి పోయి మా ఇంటి కిటికీ మూసిండు. బయట ఎండ దంచుతుంది. ఖాలా "శుక్రియా" అన్నది. ఎవ్వరు నవ్వలే, నేను గూడ నవ్వలే.

నా పెండ్లామొక్కతే ఈ బండి ఎక్కలే. టీవీ పక్కనున్న వంటింటి గడపల కత్తిపీట ముందలేస్కొని ఉల్లిగడ్డలు కోసుకుంట ఒకటే తిట్టుడు. "మోకాలు వంచుమంటె ఊరందర్ని తిప్పుతుండు. గప్పుడే దిగుతున్నవేంది? ఇంకో పది నిమిషాలు తొక్కు!" లేడీస్ సీటు ఖాళీగుంది రావే అంటె, "నీ బస్సు నాకొద్దు పో" అనేది. కోపమొచ్చేది నాకు. ఇంట్ల మనిషికే లెక్కలేదు అనుకునేది.

మూడు నెల్లైంది. పరీక్ష రోజు కాయితాల సంచి పట్టుకొని పెండ్లాం నా ఎంబడి ఒచ్చింది. లోపల ఒక కుర్చీ, దాని ముందల స్ప్రింగు బిగించిన క్లచ్ పెడలు, ఎదురుంగ తెల్లగోడ. ముప్పై సార్లు పూర్తిగ తొక్కాలె, ఆగొద్దు అన్నడు డాక్టరు. ఇంట్ల గంట తొక్కేటోన్ని, ఇదెంత అనుకున్న. ఏడుసార్లు తొక్కిన. ఎనిమిదోసారికి మోకాలు వణికింది. తొమ్మిదోసారికి నిలిచిపోయింది. గోడ దిక్కు సూస్తె గోడే ఉన్నది. డిపో గేటు కుర్చీ కండ్ల ముందల తిరిగింది. చెమటలు. డాక్టరు పెన్ను తీసిండు.

"ఎత్తు అయిపోవస్తుంది" అన్నది ఎనకకెళ్లి నా పెండ్లాం, మెల్లగ. "ఇంక నాలుగు తొక్కులు. ఆ. తొక్కు. ఇప్పుడు అల్కగుంటది, ఊపిరి తీస్కో. ముందల మలుపుంది."

నా కాలు కదిలింది.

"గొర్లు అడ్డమొచ్చినయ్. ఆపకు, అవే తప్పుకుంటయ్. చర్చి ఒచ్చింది, ఖాలా దిగింది. ఇప్పుడు పెద్ద గుట్ట. ఇక్కడ మస్తు నొప్పి లేస్తది, పండ్లు బిగవట్టు. సగమైంది. ఇంకొంచెం. తొక్కయ్యా!"

డాక్టరు పెన్ను పట్టుకొని గట్లనే నిలవడ్డడు. "ఏం మాట్లాడుతుందయ్యా ఈమె?" అన్నడు.

"రూటు సార్" అన్న, తొక్కుకుంటనే.

ముప్పై అన్నరు, ముప్పై నాలుగు తొక్కిన. ఆ గుట్ట దాటేదాక నాకు ఆపబుద్ధి కాలే. డాక్టరు ఫిట్ అని రాసి, ముద్ర ఏసి, మా ఇద్దర్ని ఒక తీరుగ సూసి పంపిండు.

బయట ఆటో కోసం నిలవడ్డం. నాకు సంతోషం కన్న ముందు కోపమొచ్చింది. "ఒక్కనాడు టీవీ దిక్కు మొకం తిప్పలే. రూటంత ఎట్ల తెలుసే నీకు?" అని అడిగిన.

"గొర్లు, చర్చి అన్నీ ఖాలా ఒర్రితె ఇన్న" అన్నది.

"మరి గుట్టలు? ఏడ ఎత్తు, ఏడ దిగుడు, అదెట్ల తెలుసు?"

సంచిల కాయితాలు సర్దుకుంట, నా దిక్కు సూడకుండనే చెప్పింది. "నేను రోడ్డు సూడలే. మూడు నెల్లు నీ మొకం సూసిన. ఏడ నీకు నొప్పి లేస్తదో గదే గుట్ట."