ఆయన మీద పడ్డ బద్ధకం

మా ఆయన దుస్తుల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్లు బాగుచేసే మెకానిక్. నడుస్తున్న మిషన్ చప్పుడు విని లోపల ఏది అరిగిందో చెప్పేవారు. నేను ముభావంగా ఉంటే, “ఇవాళ నీ బెల్టు వదులైనట్టుందే” అని నవ్వించేవారు.

ఆదివారాలు వచ్చి తన మిషన్లు చూసిపెట్టమని వీధి చివరి టైలరు అడిగాడు. బయట పని చేయాలంటే ఫ్యాక్టరీలో రాసిచ్చి అనుమతి తీసుకోవాలి. మా ఆయన ఆ సాయంత్రమే కాగితం రాసి, నాకు చదివి వినిపించారు. నాకేమో ఆ డబ్బుతో కిటికీ ఉన్న వంటగది కావాలని ఆశ.

“అడిగితే వద్దంటారండీ. ఆదివారం కూడా వాళ్లదేనా?”

“రూలు రూలేనే.”

“చాల్లెండి చాదస్తం! ఫ్యాక్టరీ మొత్తానికి రూల్సుకి మీరొక్కరే దొరికారు.”

కాగితం లాక్కుని చీరల మడతల్లో పెట్టేశాను. ఆయన రెండుసార్లు అడిగారు. మూడోసారి అడగలేదు; అనుమతి లేకుండానే ఆదివారాలు టైలరు దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు.

ఒక ఆదివారం ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌గారు ఫోన్ చేశారు. అర్జెంటు పని, మిషన్లు ఆగిపోయాయట. “ఆయనకి జ్వరం అన్నయ్యగారూ, లేవలేకపోతున్నారు” అనేశాను. సూపర్‌వైజర్‌గారు మిషన్లు ఎలాగో నడిపించుకుని, సాయంత్రం రొట్టె, మాత్రలు పట్టుకుని పలకరించడానికి వచ్చారు. కూర్చోమనేలోగానే మా ఆయన గుమ్మంలోకి వచ్చారు.

“ఏమయ్యా, జ్వరం చేతులకి నూనె కూడా పూసిందా?”

మా ఆయన దాచకుండా టైలరు సంగతి చెప్పేశారు.

“ఒక్క కాగితం రాసిచ్చుంటే నేనే సంతకం పెట్టేవాణ్ణి కదయ్యా!”

నేను తలుపు చాటుకి తప్పుకున్నాను. మా ఆయన నా వైపు చూడలేదు. “బద్ధకించాను సార్” అన్నారు.

ఉద్యోగం పోలేదు. పనిముట్ల బీరువా తాళంచెవి మాత్రం తీసేసుకున్నారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు మా ఆయన, తన కింద పని నేర్చుకున్నవాళ్ల ముందు, స్క్రూడ్రైవరుకి కూడా సంతకం పెట్టి తీసుకున్నారు. ఇంట్లో నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే పోట్లాడి, ఏడ్చి, వెళ్లి నిజం చెప్పేసేదాన్నేమో.

పోయిన నెల మా ఆయన పోయారు. సూపర్‌వైజర్‌గారు పరామర్శకి వచ్చి, “బంగారంలాంటి మనిషమ్మా. ఆ ఒక్క బద్ధకం లేకపోతేనా...” అన్నారు.



“ఆయన రాశారన్నయ్యగారూ. ఇవ్వనీయనిది నేను. జ్వరమన్నదీ నేనే.”



“అప్పుడే చెప్పి ఉంటే ఆ తాళంచెవి తీసుకునేవాణ్ణి కాదు కదమ్మా.”

ఆయన లేచి వెళ్తుంటే దణ్ణం పెట్టడానికి కూడా నాకు చేతులు రాలేదు.