మా అమ్మ నీళ్లు పోసిన పిల్లలు

మా వీధిలో పసిపిల్లలందరికీ నీళ్లు పోసింది మా అమ్మే. పెరట్లో పీట మీద కూర్చుని కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద వేసుకుని, నువ్వుల నూనె రాసి, తల గుండ్రంగా రావాలని అరచేత్తో మెల్లగా ఒత్తేది. ఆ తర్వాత సాంబ్రాణి పొగ. ఆ వాసన తగిలితే నాకిప్పటికీ అమ్మ మీద బెంగ పుడుతుంది.

అప్పట్లో నేను రాజమండ్రిలో మిషను ఆసుపత్రి కాంపౌండరుని. నోరెక్కువ. అక్కడ విన్న సగం మాట ఇంటికొచ్చేసరికి పూర్తి శాస్త్రమైపోయేది. అమ్మ మురిసిపోయి వినేది, పిచ్చితల్లి!

నా కూతురు ఏడో నెలలోనే పుట్టేసింది. ఆ వారమే డాక్టరు దొరసానిగారు స్పిరిటు సీసాల్లో రెండు మెదళ్లు చూపించారు. పెద్దమనిషి మెదడు నిండా మడతలు. ఆరో నెలలో పోయిన పిండానిదేమో ఒలిచిన తాటిముంజెలా నున్నగా ఉంది.

"పైపొర లోపలి భాగం కన్నా జోరుగా పెరుగుతుందయ్యా. చోటు చాలక మడతలు పడుతుంది. చివరి మూడు నెలల్లోనే చాలావరకు పడతాయి," అన్నారావిడ.

ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఏడ్చేశాను. "ఇరుకులో ఉంటేనే మెదడుకి మడతలు పడతాయటే అమ్మా. ఇది ముందే బయటికొచ్చేసింది. మందమతి అయిపోతుందేమో!"

మర్నాడు భోజనానికి వచ్చేసరికి పిల్ల తల చుట్టూ పాతచీర పేలిక బిగించి కట్టి ఉంది. మొహం కందగడ్డలా అయిపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి.

"ఏంటమ్మా ఇది? చంపేస్తావా ఏంటి!"

"ఇరుకైతే మడతలు పడతాయన్నావు కదరా నాయనా," అంది అమ్మ బిక్కచచ్చిపోయి.

పేలిక లాగిపారేసి, పిల్లను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. అమ్మ నా వెనకే వచ్చింది. మెదడుకి మడతలు పడాలని తలకి పేలిక బిగించారని చెప్పాను. దొరసానిగారు పిల్లను చూసి, గండం తప్పిందన్నారు. "బిగిస్తే వచ్చేవి కావయ్యా అవి. పెరిగేకొద్దీ వాటంతటవే పడతాయి. బయటికొచ్చినా ఆగవు. పాలు పట్టి వెచ్చగా ఉంచండి చాలు. ఇంతకీ ఇలా కట్టమని ఎవరు చెప్పారు?"

"ముసలివాళ్ల మూఢనమ్మకాలండి," అన్నాను.

అమ్మ పక్కనే ఉంది. తల దించుకుని పిల్ల కాళ్ల మీద గుడ్డ సర్దింది.

పిల్ల చక్కగా పెరిగింది. ఇప్పుడు ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతోంది. అమ్మ మాత్రం ఆ రోజు నుంచి ఏ పిల్లకీ నీళ్లు పోయలేదు. బాలింతలు నూనె గిన్నెతో గుమ్మంలోకి వస్తే, "నా చేతులు మంచివి కావమ్మా," అని పంపేసేది. నేను లోపల కూర్చుని వినేవాణ్ణి. తప్పు నాదేనని అమ్మకి ఒక్కసారైనా చెప్పలేదు.