రుమాలు కింది ఓటు

ఆర్మూరు పాత బజారులో నమ్మకానికి పెట్టింది పేరు పసుపు దలాలి హనుమాన్లు. దలాలి అనగానే అటూ ఇటూ నంజుకు తినేవాడని మూతి విరిచే పెద్దమనుషులు చాలామందే ఉంటారు. వాళ్లు హనుమాన్లును చూడలేదు, అంతే. రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం ముందు రైతు పసుపు కొమ్ములు కుప్ప పోసేవాడు. కొనే సేట్లు ఒక్కొక్కరే వచ్చి హనుమాన్లు చెయ్యి పట్టుకునేవాళ్లు. చేతుల మీద రుమాలు కప్పి ఉండేది. ఆ గుడ్డ కింద వేళ్లు నొక్కి ఎవరి ధర వాళ్లు చెప్పుకునేవాళ్లు. ఒకరి మాట ఇంకొకరికి తెలిసేది కాదు. అందరిదీ అయ్యాక ఎక్కువ ధర ఎవరిదో హనుమాన్లు పైకి చెప్పేవాడు. తక్కినవాళ్లు ఎంత అన్నారన్నది ఆయనతోపాటు కాటికి పోవలసిందే. అది ఆ పనికున్న కట్టుబాటు. ఇంకొకటి కూడా ఉంది. రుమాలు పట్టినవాడు ఆ సరుకు కొనకూడదు.

బజారులో ఈ కట్టుబాటు తప్పినవాళ్లున్నారు. హనుమాన్లు తప్పలేదు. ఆ సంగతి తనకూ తెలుసు కాబట్టి కాస్త ఛాతీ విరుచుకునే నడిచేవాడు. “ఇంట్ల ఉప్పు ఒడిసిన సంగతి గూడ నీ నోట్లకెళ్లి ఊడిపడది,” అని భార్య తారాబాయి దెప్పితే, అదేదో సన్మానం చేసినట్టు నవ్వేవాడు.

వాళ్ల గల్లీ మొదట్లో రాతి కమాన్ ఒకటి ఉండేది. డంగుసున్నం పెట్టి కట్టింది. ఎవరు కట్టించారంటే గల్లీలో ఒక్కో ముసలాయన ఒక్కో కథ చెప్పేవాడు, ఏ రెండు కథలకూ పొంతన ఉండేది కాదు. బస్తాల బండి దాని కింద నుంచి సరిగ్గా పట్టి వెళ్లేది. బస్తాలు రాసుకుని రాసుకుని నడుమెత్తు దాకా లోపలి రాళ్లు పచ్చబడిపోయాయి. హనుమాన్లు తండ్రి ఆ బండ్లు తోలినవాడే. ఎండాకాలం ఎడ్లను ఆ నీడన విప్పి, కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని సద్ది తినేవాడు. అందుకే హనుమాన్లుకు ఆ కమాన్ ఊరి సొత్తు కాదు, సొంత ఇంట్లో ఒక అర్ర.

ఎనభై ఆరులో లారీలు పట్టడం లేదని చెప్పి గడ్డపారలు పట్టుకుని మనుషులొచ్చారు. అప్పుడు అడ్డం పడ్డవాడు భూమేశ్వర్. ఆయనది అదే గల్లీలో అడ్తి దుకాణం. హనుమాన్లుకు గోళీలాడే వయసు నుంచి దోస్తు. “ముందుగాల నన్ను పొడువుండ్రి, తర్వాత రాయిని పొడువుండ్రి,” అని కమాన్ కింద బైఠాయించాడు. తారాబాయి అక్కడికే రొట్టెలు పంపింది. గడ్డపారలు తిరిగి వెళ్లిపోయాయి. ఆ ఊపులోనే గల్లీ కమిటీ పుట్టింది. రిటైరైన హెడ్మాస్టరు దేవదాస్ అధ్యక్షుడు. లారీలు బయటే ఆగాలి, గల్లీలో గోదాములూ షట్టర్ల దుకాణాలూ కట్టకూడదు, ఇది ఇళ్ల గల్లీగానే ఉండాలి, కమాన్‌కు ఏటేటా సున్నం వేయాలి అని తీర్మానించారు. పంచాయతీ కూడా సరేనని ముద్ర వేసింది. ఆ ఏడు సున్నం వేసేటప్పుడు నిచ్చెన మీద భూమేశ్వర్, కింద నిచ్చెన పట్టుకుని హనుమాన్లు.

ఎనిమిదేళ్లు ఎవరూ దాని జోలికి రాలేదు. తొంభై నాలుగులో పంచాయతీ కొత్త నక్ష గీయించింది. గల్లీని దుకాణాల కిందికి మారుస్తారట, కమాన్ తీసేసి రోడ్డు వెడల్పు చేస్తారట. అయితే పాత తీర్మానం ఉంది కాబట్టి కమిటీ ఒప్పుకుంటేనే చేస్తామన్నారు.

అప్పటికి గల్లీ గల్లీలా లేదు. కమిటీలో కూర్చుని ‘కమాన్ మన ఇజ్జత్’ అన్నవాడే ఇంటికి పోయి, ముందరి గోడ పడగొడితే ఎన్ని షట్టర్లు పడతాయో కొలుచుకుంటున్నాడు. పైకి మాత్రం ఒక్కడూ అనడు. వియ్యంకులు, వరసైనవాళ్లు, గోడకు గోడ ఆనుకుని బతికేవాళ్లు. ఎవడు ముందు నోరు విప్పితే వాడు చెడ్డ. దేవదాస్ సారు చేతులెత్తమంటే అందరూ చేతులు తొడల కింద పెట్టుకున్నారు.

అప్పుడు భూమేశ్వరే లేచాడు.

“సారూ, గింత పరేషాన్ ఎందుకు? మన హన్మాన్లు రుమాలు లేదా? బొటనేలు నొక్కితే కమాన్ ఉండాలె. పిడికిలి పడితే పోవాలె. ఎవ్వలిది ఏందో బయటికి రాదు. గాయిన నోరు సంగతి మీకెర్కే గద!”

అందరూ భలే భలే అన్నారు. హనుమాన్లు పొంగిపోయాడు. నలుగురిలో అంత మాటంటే ఎవడు మాత్రం పొంగడు?

“గని రుమాలు పట్టేటోనికి ఓటుండది. గది రివాజు,” అన్నాడు భూమేశ్వర్.

“ఉండకపోనీ. నా ఓటు లేకున్నా కమాన్‌కు ఏం గాదు,” అన్నాడు హనుమాన్లు. ఎవరెటో మనసులో లెక్క వేసుకునే ఉన్నాడు. భూమేశ్వర్‌ను కలుపుకుంటే ఒక్క చెయ్యి మిగులు. ఆ ధీమాతో తన ఓటు తానే అవతల పారేసుకున్నాడు. పసుపుకు పనికొచ్చిన రుమాలు మనుషులకూ పనికొస్తుందనుకున్నాడు పాపం.

భూమేశ్వర్ దుకాణం అరుగు మీదే ఓట్లు పడ్డాయి. ఒక్కొక్కరే వచ్చి గుడ్డ కింద చెయ్యి పెట్టారు. అనుకున్నవాళ్లు అనుకున్నట్టే నొక్కారు. చివరికి రెండు వైపులా సరిసమానంగా వచ్చి, భూమేశ్వర్ ఒక్కడు మిగిలాడు. హనుమాన్లు లోలోపల నవ్వుకుంటూ చెయ్యి చాచాడు.

పిడికిలి పడింది.

పొరపాటనుకున్నాడు. బేరంలో అనుమానం వస్తే దలాలి ఒకసారి వేళ్లు వదులు చేసి మళ్లీ అడుగుతాడు. అలాగే అడిగాడు. పిడికిలి ఇంకా బిగుసుకుంది. చిన్నప్పుడు కాంటా గొలుసులో పడి వంకర పోయిన భూమేశ్వర్ చిటికెన వేలు తన అరచేతిలో గుచ్చుకుంది. హనుమాన్లు తలెత్తి చూశాడు. భూమేశ్వర్ ఎటో వీధి వైపు చూస్తున్నాడు.

“కమాన్ పోతది,” అన్నాడు హనుమాన్లు.

“అయ్యో!” అని నుదురు కొట్టుకున్నాడు భూమేశ్వర్. “నేను బొటనేలే నొక్కితి గదనే!”

ఆయన అనడమే ఆలస్యం, పక్కవాడు తానూ బొటనవేలే అన్నాడు. వాడి పక్కవాడూ అదే. పిడికిలి పట్టిన ప్రతివాడూ బొటనవేలు నొక్కాననే అన్నాడు. అందరూ ఉండాలన్నాక కమాన్ పోయేదెలా? చూపులన్నీ రుమాలు మీదికి తిరిగాయి.

“హన్మాన్లూ, గిదేంది? పిడికిలి ఎవ్వలు పట్టిండ్రో చెప్పు,” అన్నాడు దేవదాస్ సారు.

“చెప్పరాదు సారూ. గా షర్తు మీదనే గద మీరు చెయ్యిచ్చింది.”

“ఇడిసిపెట్టుండ్రి,” అన్నాడు భూమేశ్వర్ మెల్లగా, జాలి పడుతున్నట్టు. “ఎవ్వలి అక్కర ఎవ్వలికెర్క?”

ఎలుగెత్తి తిట్టినా ఆ మాట చేసినంత పని జరిగేది కాదు. సాయంత్రానికల్లా దలాలి షట్టర్లు కట్టుకోవాలనుకున్నవాళ్ల దగ్గర డబ్బు తిన్నాడని గల్లీ అంతా పాకిపోయింది.

మర్నాడు హనుమాన్లు దుకాణానికి పోయాడు. భూమేశ్వర్ ఒక్కడే గద్దె మీద కూర్చుని ఉన్నాడు.

“భూమన్నా, ఎందుకు జేస్తివి?”

“బాల్కొండ రైతు, ముప్కాల్ రైతు ఇప్పుడు లారీలల్ల వస్తున్నరు. రోడ్డు మీదున్నోని దుకాణంలనే మాల్ దిగుతంది. నేను ఈడ కమాన్ చూసుకుంట కూసోవాల్నా?”

“గట్లనే పదిమందిల అనకపోతివి? పోనీ. ఇప్పుడన్న ఒక్క మాట జెప్పు. పిడికిలి నాదేనని అను. నా చెయ్యి మీద నింద పడ్డది.”

భూమేశ్వర్ నవ్వాడు. అందులో వెటకారం కూడా లేదు, చనువే ఉంది.

“నేను జెప్ప. నువ్వూ జెప్పవు, నాకెర్కే. గా ధైర్యంతోనే గద నీ రుమాలు అడిగిన.”

ముప్పై ఏళ్లు కాపాడుకున్న నిజాయితీని ఆ దోస్తు తాళంచెవిలా వాడుకున్నాడు. హనుమాన్లుకు ఒళ్లు మండిపోయింది. అక్కడికక్కడే గల్లీ నడుమ నిలబడి అరిచి చెప్పాలనిపించింది. అరుగు దిగి గల్లీ నడుమ దాకా పోయాడు. కానీ చెబితే బజారులో ఇక ఏ సేటూ తన చేతిలో చెయ్యి పెట్టడు. ఇంటికి వెళ్లిపోయాడు.

చెప్పకపోయినా పెట్టలేదు. కమాన్‌ను మిషన్‌తో ఒక్క పూటలో కూల్చేశారు. ఆ సీజన్‌లో హనుమాన్లు రుమాలు చాస్తే సేట్లు “తర్వాత చూద్దాం తియ్యి” అని పక్కకు పోయారు. మరుసటి ఏడు ఆయన ఇంకొకరి దుకాణంలో బస్తాలు కుట్టించే పనికి కుదిరాడు. తారాబాయి ఏమీ అడగలేదు. తన మీద అంత నమ్మకం కాబోలు అనుకున్నాడు. ఆ ఒక్క తలంపే పట్టుకుని రోజులు నెట్టాడు.

తొంభై ఎనిమిదిలో భూమేశ్వర్ తన పాత దుకాణం చోట రెండంతస్తుల భవనం లేపి ‘కమాన్ కాంప్లెక్స్’ అని పేరు పెట్టాడు. బోర్డు మీద కమాన్ బొమ్మ గీయించాడు, అసలుదాని కంటే అందంగానే ఉంది. ప్రారంభానికి గల్లీనంతా పిలిచాడు. మైకు ముందు నిలబడి, కమాన్ కోసం ప్రాణాలకు తెగించిన రోజులు చెప్పుకొచ్చాడు. “ఏం జేస్తం, మనోళ్లే మనల్ని అమ్ముకున్నరు,” అని కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. జనం వెనక్కి తిరిగి హనుమాన్లును చూశారు.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఇంక చాలనిపించింది. తారాబాయిని పిలిచాడు. బజారులో ఎవరికీ చెప్పని మాటను, జీవితంలో మొదటిసారి కట్టుబాటు తప్పి, భార్యకు చెప్పాడు.

“తారా, గా ఆఖరి పిడికిలి భూమన్నదే.”

ఆమె వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

“వద్దు,” అంది మెల్లగా. “నువ్వు పైసలు తిన్నవని నాకు గప్పుడే ఎర్క. ఏదో అక్కర పడ్డది, తిన్నవు, ఇంట్ల మనిషివి గదా అని ఊకున్న. ఒక్కనాడన్న అడిగిన్నా? గని కమాన్ కోసం పానం అడ్డమేసిన మనిషి మీద గిట్ల నింద మోపకు. అది పాపం.”

ఆమె గొంతులో కోపం లేదు. క్షమించిన మనిషి గొంతు అది.